నా ఫోనుకు నేను పెట్టిన పేరు

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్లు. ఆ వయసులో మనిషికి తన గురించి తనకుండే అభిప్రాయం తర్వాత ఎప్పుడూ అంత గొప్పగా ఉండదనుకుంటాను. పాతబస్తీలోని జహనుమాలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ సారుగా చేరాను. ఆర్నెల్లు పని చూసి పర్మినెంట్ చేస్తామన్నారు. (పర్మినెంట్ అంటే ఏమిటో చెప్పినవాళ్లకూ తెలియదు, విన్న నాకూ తెలియదు. మాట మాత్రం వినడానికి బాగుండేది.) మా ఇల్లు శాలిబండలో. మా బాపు బస్సు డిపోలో మెకానిక్. ఏళ్ల తరబడి గ్రీజు చేతులతో ఇంటికి వచ్చిన మనిషి, కొడుకు తెల్లచొక్కా టక్ చేసుకుని బడికి బయల్దేరుతుంటే గల్లీ చివరిదాకా వచ్చి నిలబడేవాడు. షేరింగ్ ఆటోలో నా పక్కన కూర్చున్నవాళ్లకు, వాళ్లు అడక్కపోయినా, "మావోడు సారు అయిండు" అని చెప్పి పంపేవాడు. నేను సిగ్గుపడుతున్నట్టు నటించేవాణ్ని.

మొదటి జీతంతో స్మార్ట్ ఫోన్ కొన్నాను. దానికి కంపెనీవాళ్లు పెట్టిన పేరు అక్షరాలూ అంకెలూ కలిసి రైలు టికెట్టు నంబరులా ఉండేది. కంప్యూటర్ సారు ఫోనుకు అలాంటి పేరా! సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఫోన్ వివరాలున్న చోటు వెతికి పట్టుకుని, ఆ పేరు చెరిపేసి, తెలుగు కీబోర్డుతో 'శాలిబండ కింగ్' అని రాశాను. ఆ పేరు బ్లూటూత్‌లోనూ హాట్‌స్పాట్‌లోనూ చుట్టుపక్కల అందరికీ కనిపిస్తుందని నాకు తెలుసు. తెలిసే పెట్టాను. కనిపించకపోతే కింగ్ అయి ఏం లాభం?

మర్నాడే కనిపించింది. మా స్టాఫ్ రూములో ఉర్దూ చెప్పే టీచరు ఒకావిడ ఉండేది. అక్కా అన్నట్టు అందరం ఆపా అనేవాళ్లం. ఆవిడ ప్రశ్నపత్రం ఫోటో ఎవరికో పంపుదామని బ్లూటూత్ తెరిచింది. తెలుగు చదవడం రాదు కాబట్టి ఫోను పక్కనున్న లెక్కల సారు ముందు పెట్టి, "ఏ క్యా లిఖా హై, జర పడ్‌కే బోలో సాబ్" అంది. లెక్కల సారు కళ్లజోడు సవరించుకుని, హాజరు పిలిచినట్టు గట్టిగా, "శాలిబండ కింగ్" అని చదివాడు. స్టాఫ్ రూములో అప్పటికి మేం ముగ్గురమే. అందులో శాలిబండ నుంచి వచ్చేది నేనొక్కణ్నే. ఆపా నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, "సలాం, రాజా సాబ్!" అని లేచి నిలబడింది. ఆ రోజు నుంచి నా పేరు రాజా.

కానీ వెక్కిరించిన ఆపానే సాయంత్రం నా పక్కన కుర్చీ లాక్కుని, "మేరేకు బీ సిఖావ్ నా రాజా" అని, తనకూ నేర్పమని అడిగింది. నేను పాఠం చెప్పినట్టు చెప్పాను. ఆవిడ తన ఫోనుకు ఉర్దూ లిపిలో ఏదో పేరు రాసుకుని ముసిముసిగా నవ్వుకుంది. ఏం రాశారంటే "ఫూల్ కా నామ్ హై" అంది. పువ్వు పేరట, నమ్మాను. పాతకాలపు ఉర్దూ మీడియంలో చదివిన లెక్కల సారు పది రోజుల తర్వాత గాని ఆ పేరు నాకు చదివి చెప్పలేదు. అది 'కింగ్ కా బాప్' అట. ఆ పది రోజులూ నేను కింగ్ తండ్రిగారి పక్కనే కూర్చుని, ఆవిడ తెచ్చిన ఖట్టీ దాల్ తింటూ, నా పేరు ఎంత బాగుందో అనుకుంటూ గడిపాను.

తర్వాత లెక్కల సారు వంతు. ఆ పాత భవనం గోడలు మందం. లోపల నా ఫోనుకొక్కదానికే సిగ్నల్ అందేది కాబట్టి అందరూ నా హాట్‌స్పాట్ మీదే బతికేవాళ్లు. లెక్కల సారు నెట్ ఎవరికీ అందదు, ఎవరూ అడగరు. అయినా ముందుజాగ్రత్తగా 'నెట్ లేదు అడగొద్దు' అని పెట్టించుకున్నాడు. కొద్ది రోజుల్లో ఆయాలూ, డ్రిల్ మాస్టరూ కూడా నా దగ్గరికొచ్చి పేర్లు మార్పించుకున్నారు. స్కూల్లో నా దగ్గరికి రానిది ఒక్క హెడ్ మేడమ్ మాత్రమే.

హెడ్ మేడమ్ సర్కారు బడిలో తెలుగు టీచరుగా చేసి రిటైరైన మనిషి. నీలం అంచు నూలు చీర, జేబురుమాలు, చేతిలో ఎర్ర పెన్ను. తప్పు ఎక్కడుంటే పెన్ను అక్కడికి వెళ్లేది. నోటు పుస్తకమే కావాలని లేదు. కిరాణా కొట్టు చీటీలో 'కందిపప్పు'కు సున్నా పడకపోతే దిద్ది వెనక్కి పంపిందని చెప్పుకునేవాళ్లం. ఆవిడ చెప్పుల చప్పుడు వినిపిస్తే స్టాఫ్ రూములో నవ్వులు ఆగిపోయేవి. ఆవిడ తలుపు దగ్గర నిలబడి, మా మొహాలు చూసి, "ఏం లేదు, ఊకెనే వచ్చిన" అని వెళ్లిపోయేది. వెళ్లాక మళ్లీ నవ్వులు. అందులో మాకెవరికీ ఏ దోషమూ కనిపించలేదు.

ఇలా ఉండగా ఒక మంగళవారం నేను కంప్యూటర్ గది తలుపు మీద ఒక కాగితం అంటించాను. 'కంప్యూటర్ ప్రయోగసాల. చెప్పులు బయట విడవండి.' పది నిమిషాల్లో మేడమ్ వచ్చింది. నన్ను ఏమీ అనలేదు. తొమ్మిదో క్లాసు పిల్లల్ని వరసలో పిలిచి, తలుపు ముందు నిలబెట్టి, "గీడ తప్పెక్కడుందో ఎవరు చెప్తరు?" అంది. అందరికంటే వెనకనున్న ఒక అమ్మాయి చెయ్యెత్తి, "ప్రయోగశాల మేడమ్. శ రావాలె" అంది. మేడమ్ ఆ అమ్మాయికే ఎర్ర పెన్ను ఇచ్చి దిద్దించింది. పక్కనే నేను, శాలిబండ కింగ్‌ని, టక్ చేసుకుని నిలబడి ఉన్నాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నా కోపం ఇంకా దిగలేదు. ఫోను తీసి, 'శాలిబండ కింగ్' చెరిపేసి, పళ్లు కొరుకుతూ కొత్త పేరు రాశాను. లెక్కల సారుకు చూపిస్తే అన్నం గొంతుకు అడ్డం పడి నీళ్లు తాగాడు. ఆపాకు చదివి వినిపిస్తే, "తౌబా తౌబా! జల్దీ నికాల్ రే" అని, వెంటనే తీసెయ్యమని చెవులు పట్టుకుని, మళ్లీ ఒకసారి చదవమంది. సాయంత్రం మార్చేద్దామనుకున్నాను. మరిచిపోయాను.

శనివారం పేరెంట్స్ మీటింగ్. కింది హాలు నిండా తల్లిదండ్రులు, పిల్లల బెంచీల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. పిల్లల దస్తూరి గురించి ఏదో వీడియో ఉందట, అది అందరికీ చూపించాలని మేడమ్ పట్టుదల. ప్రొజెక్టరు పెట్టి, లాప్‌టాప్ తెర గోడ మీద పడేలా నేనే అమర్చాను. సరిగ్గా వీడియో పెట్టే వేళకు, ఆఫీసు నుంచి తీగ లాగి తెచ్చిన స్కూలు నెట్ పోయింది.

"రాజా, నీ ఫోన్ల కెల్లి పెట్టయ్యా" అంది మేడమ్. (నాకు రాజా అని పేరుందని ఆవిడకు తెలుసని నాకు అప్పుడే తెలిసింది.) నేను హుషారుగా హాట్‌స్పాట్ ఆన్ చేసి, లాప్‌టాప్‌లో దగ్గరున్న నెట్‌వర్కుల జాబితా తెరిచాను. పాత పేరయితే దానంతటదే కలిసేది, తెరవాల్సిన పనే లేదు. తెరిచిన తర్వాత గుర్తొచ్చింది, పాత పేరు లేదని. అప్పటికి ఆ జాబితా గోడ మీద మనిషెత్తు అక్షరాల్లో నిలబడింది. పైన ఎవరిదో పక్కింటివాళ్లది. దాని కింద:

ఎర్ర పెన్ను పిసాచి.

నేను మౌస్ మీద చెయ్యి వేశాను గాని బాణం గుర్తు ఎక్కడుందో కనిపించలేదు. ముందు బెంచీలో అమ్మ ఒళ్లో కూర్చున్న రెండో క్లాసు పాప, కొత్తగా చదవడం వచ్చిన ఉత్సాహంలో, వేలు పెట్టి కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది. "ఎ...ర్ర... పె...న్ను... పి..." తల్లి నోరు మూసేలోపల పాప పూర్తి చేసేసింది. ఎవరో ఒకాయన నవ్వు ఆపుకోబోయి దగ్గాడు.

మేడమ్ కళ్లజోడు పెట్టుకుని గోడ దగ్గరికి నడిచింది. నిదానంగా చదివింది. "శాబాష్ బిడ్డా, మంచిగ చదివినవ్" అంది పాపతో. తర్వాత మావైపు తిరిగింది. "చదివిన పిల్ల తప్పు లేదు. రాసినోళ్లకే అక్షరాలు రావు. పిశాచికి శ రావాలె. గీడ స ఉన్నది. ఎవరిదీ ఫోను?"

నాకు బాపు కనిపించాడు, గల్లీ చివర నిలబడి. సోమవారం నుంచి ఆ ఆటోవాళ్లకు ఏం చెప్పుకుంటాడు? అంతలో వెనకనుంచి ఆపా లేచింది. "మేరా హై మేడమ్. గల్తీ హోగయీ." ఆ తప్పు తనదే అనేసింది.

"ఆపా, నీకు తెలుగుల సంతకం గూడ రాదు. గింత పెద్ద పేరు ఎట్ల రాసినవ్?"

"ఫోన్ ఖుద్ లిఖ్ లియా మేడమ్!" అంది ఆపా, ఫోను తనంతట తానే రాసుకుందన్నమాట. హాల్లో ఈసారి నవ్వులు ఆగలేదు. లెక్కల సారు కూడా లేచాడు. "నాది గావొచ్చు మేడమ్."

"గావొచ్చు ఏంది సార్? లెక్కల మాస్టర్లే గట్లంటే పిల్లలేం గావాలె?"

ఇక నేను చెయ్యెత్తాను. తొమ్మిదో క్లాసు పిల్లల్లాగే. "నాది మేడమ్."

"ఎరుకే. కనెక్టు చెయ్యి, అందరు కూసున్నరు."

చేశాను. ఆ రోజు ఆ వీడియో మొత్తం పిశాచి నెట్ మీదే నడిచింది. దస్తూరి గురించి అందులో ఏం చెప్పారో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు.

అందరూ వెళ్లాక మేడమ్ గదికి పిలుపొచ్చింది. దారిలో ఆపా నా భుజం తట్టి, "ఫికర్ నకో కర్" అని ధైర్యం చెప్పింది. నేను రాజీనామా మాటలు మనసులో పేర్చుకుంటూ వెళ్లాను. (అందులోనూ ఎన్ని శలు తప్పేవో దేవుడికి తెలియాలి.) మేడమ్ బల్ల మీద ఎర్ర పెన్ను, పక్కన ఆవిడ ఫోను ఉన్నాయి.

"తప్పయింది మేడమ్" అన్నాను.

"మంగళవారం సంది చూస్తున్న" అంది ఆవిడ. "నా ఫోన్ల గూడ కనిపిస్తది గద. ఇయ్యాల మారుస్తడు, రేపు మారుస్తడు అనుకున్న. తిట్టినవని కాదయ్యా. ఆ స చూస్తుంటే నాకు పానం ఆగుతలేదు. నా గదిల నేను గూసోని, ఫోన్ తెరిస్తే తప్పు, మూస్తే తప్పు."

ఆవిడ తన ఫోను నావైపు తోసింది. "దీని పేరేంది చూడు."

చూశాను. అక్షరాలూ అంకెలూ. కంపెనీ పెట్టిందే.

"ఆపాది మారిస్తివి, లెక్కల సారుది మారిస్తివి, ఆయమ్మలవి గూడ మారిస్తివి. మీ పేర్లన్ని రోజూ సదువుత నేను. నాది మార్చాల్నా మేడమ్ అని ఒక్కనాడన్న అడిగినవా? అడుగుతవేమో అని రెండుసార్లు స్టాఫ్ రూముకు గూడ వచ్చిన. నేను రాంగనే అందరు మూతులు ముడుచుకుంటిరి."

"ఏం పేరు పెట్టాలె మేడమ్?" అన్నాను ఆ ఫోను చేతిలోకి తీసుకుని.

"గదే పెట్టు."

"మేడమ్, అది..."

"పెట్టయ్యా. గిన్నేండ్లు పాఠం చెప్పిన, పిల్లలు నాకేం పేర్లు పెట్టిండ్రో నాకు ఎరుకలేదనుకున్నవా? మిర్చీ బజ్జీ అన్నరు, పోలీస్‌మామ అన్నరు. అన్ని నా ఎనుక అన్నయే. ముంగట, గోడ మీద, నలుగురు సదివేటట్టు రాసినోడివి నువ్వొక్కడివే." అప్పుడు నవ్వింది. ఆవిడకు కింది వరసలో ఒక పన్ను లేదని అప్పుడే చూశాను. "శ సరిగ్గ రాయి. శంఖంల శ."

రాశాను. ఆవిడ నా భుజం పక్కన నిలబడి ఒక్కో అక్షరం చూసి తల ఊపింది. ఉద్యోగం గురించి ఒక్క మాట అనలేదు. గుమ్మం దాటుతుంటే మాత్రం పిలిచి, "పిశాచి. నూరుసార్లు. సోమవారం తేవాలె" అంది.

ఆదివారం పొద్దున మా ఇంట్లో నేల మీద కూర్చుని నోటు పుస్తకంలో రాస్తున్నాను. బాపు వెనకనుంచి వచ్చి చూశాడు. పేజీ నిండా పిశాచి, పిశాచి, పిశాచి. బాపు మెల్లగా వంటింట్లోకి వెళ్లి అమ్మను పిలుచుకొచ్చాడు. ఇద్దరూ కాసేపు నిలబడి చూశారు. "బిడ్డా, బడిల ఏమన్న చూసి జడుసుకున్నవా?" అంది అమ్మ. తాయెత్తు కట్టించాలని ఆవిడ, మొదలు డాక్టరుకు చూపిద్దామని ఆయన. ఇక దాచలేక మొదటినుంచీ చెప్పాను, నూరూ అయిపోయాయని కూడా. బాపు మొత్తం విన్నాడు. కొడుకు సారు అయ్యాడని ఊరంతా చెప్పుకున్న మనిషి. తర్వాత పుస్తకం తీసుకుని, గ్రీజు నలుపు పోని వేలితో వరసగా లెక్కబెట్టాడు.

"తొంభై ఎనిమిదే ఉన్నయ్" అన్నాడు. "ఇంక రెండు రాయి. అంత మంచి పంతులమ్మను మోసం చేస్తవా?"

సోమవారం మేడమ్ నూరూ చదివింది. అరవై ఏడోదాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టింది. ఆ మధ్యాహ్నం ఆవిడ తన టిఫిను డబ్బా పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చి గుమ్మంలో ఆగింది. ఎవరమూ మూతులు ముడుచుకోలేదు. ఆపా జరిగి కుర్చీ ఇచ్చింది. ఆ తర్వాత నేనక్కడ పనిచేసినన్నాళ్లూ ఆవిడ భోజనం మాతోనే.

ఇప్పుడు నాది వేరే ఉద్యోగం, నెరిసిన జుట్టు, నా కింద పనిచేసే పిల్లలు. అప్పుడప్పుడూ ఆ ఇరవై మూడేళ్ల కుర్రవాడు గుర్తొస్తాడు. టక్ చేసుకుని, ఫోను ఎలా వాడాలో లోకానికి నేర్పుతూ, పక్క గదిలో ఒక్కతే కూర్చుని అన్నం తింటున్న మనిషిని మాత్రం మూడు నెలలు చూడనివాడు. వాణ్ని తిట్టాలనిపించదు. పాపం, వాడికి తెలియదు. తలచుకుంటే నవ్వొస్తుంది, ఆ నవ్వు వెనకాలే కాస్త సిగ్గూ వేస్తుంది.