లెక్క అయ్యేదాకా

మాంసం కొట్టు బాబాయి కత్తి దించాడంటే ఎముక రెండో వేటు అడగదు. మేక వెన్ను నొక్కి బరువు చెప్పినట్టే, మనిషిని చూసి ఎన్నికల్లో గెలుస్తాడో లేదో చెప్పేస్తాడు. పార్టీ సమావేశంలో ఆయన చెయ్యెత్తాకే మిగతా చేతులు లేస్తాయి. కార్యదర్శి లెక్క ముగిసేదాకా ఎవరూ దించకూడదు.

ఆ ఆదివారం అభ్యర్థిత్వానికి ఇద్దరు నిలబడ్డారు. ఒకరు ఆయన అన్న కూతురు, కూలీల ఆస్పత్రి కోసం ఏళ్లుగా కొట్లాడుతున్న నర్సు. రెండోవాడు సమ్మె చేసినవాళ్ల కాళ్లు విరగ్గొట్టించిన కాంట్రాక్టరు.

"నీ మాట బంగారమే తల్లీ. కానీ ఓడిపోయాక బంగారం ఏం చేసుకుంటాం? ముందు గెలవాలి," అంటూ బాబాయి కాంట్రాక్టరుకి చెయ్యెత్తాడు. గదంతా ఎత్తింది.

"ఇతను విరగ్గొట్టిన కాళ్లకి కట్లు కట్టింది నేను బాబాయ్," అంది నర్సు, లేచి నిలబడి.

కాంట్రాక్టరు మనుషులు ఆమెను జుట్టు పట్టుకుని గుమ్మం దాకా ఈడ్చారు. ఆమె గడప పట్టుకుంది. ఒకడు ఇనప కుర్చీ ఎత్తి ఆ చేతిమీద వేశాడు.

ఆ చప్పుడు బాబాయికి తెలుసు. ఎముక రెండో వేటు అడగలేదు.

"చేతులు దించకండి, లెక్క మధ్యలో ఉంది," అన్నాడు కార్యదర్శి.

బాబాయి దించలేదు.