దీక్షలో మా ఆవిడ

ఎడారిలో ఉంటూ చలికి స్వెట్టర్ వేసుకునే ఉద్యోగం నాది. దోహా శివార్లలో ఒక డేటా సెంటర్. బీరువాలంత కంప్యూటర్లు వరసగా నిలబడి రాత్రింబవళ్లు పనిచేస్తుంటాయి. అవి వేడెక్కకుండా చూసుకునే ఇంజనీర్ని నేను. వాటికి కాస్త ఉక్కపోస్తే చాలు, పదిమంది పరిగెత్తుకొస్తారు. నాకు జ్వరమొస్తే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలోని అద్దె గదిలో మాత్ర వేసుకుని గోడవైపు తిరిగి పడుకోవడమే.

మా ఆవిడ, పాప రాయలసీమలోని మా ఊళ్లో ఉంటారు. చిన్న టౌను. ఇంటి ముందుగదిలో ఆవిడ బట్టలు కుడుతుంది. రోజూ డ్యూటీ దిగాక ఫోన్ చేస్తాను. పాప చదువు, నీళ్ల ట్యాంకర్ వచ్చిందా లేదా, పక్కింటివాళ్ల తగాదా, అన్నీ అయ్యాక చివర్లో ఒకటే అడుగుతుంది, "ఎప్పుడొస్తారు?" అని. నేను ఏదో ఒక పండగ పేరు చెబుతాను. అది నిజం కాదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ ప్రశ్న పడనిదే మా ఫోను ముగిసేది కాదు.

అలాంటిది, మా ఊరి బీడు భూముల్లోనే డేటా సెంటర్ కడతారని కబురొచ్చింది. ఇదివరకు ఇక్కడ నాతో పనిచేసినతను ఆ కంపెనీలోనే ఉన్నాడు. కట్టడం మొదలైతే నీ పని ఖాయం, వచ్చెయ్ అన్నాడు. మా ఇంటి నుంచి మోటార్ సైకిల్ మీద వెళ్లొచ్చే దూరం! ఆ శుక్రవారమే అల్ ముంతజా బజారుకు వెళ్లి పెద్ద సూట్‌కేసు కొనుక్కొచ్చాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. తెలిసి కూడా కొన్నాను.

నెల తిరక్కుండానే ఊళ్లో టెంటు లేచింది. ఉన్న బోర్లే ఎండిపోతున్నాయి, ఈ కంపెనీ వస్తే తాగడానికి చుక్క మిగలదని జనం రిలే నిరాహార దీక్షలు మొదలుపెట్టారు. రోజుకు నలుగురైదుగురు పొద్దున మెడలో పూలదండతో కూర్చుంటారు. సాయంత్రం ఊరి పెద్ద ఎవరో నిమ్మరసం ఇచ్చి లేపుతారు. మర్నాడు ఇంకొందరి వంతు. మా వీధి ఆడవాళ్ల వంతు శుక్రవారం వచ్చిందని, తనూ కూర్చుంటున్నానని మా ఆవిడ చెప్పింది.

నాకు ఒళ్లు మండింది. ఊరు బాగుపడుతుందని, పదిమందికి పని దొరుకుతుందని గట్టిగానే వాదించాను. అన్నీ విని, మీ దగ్గర మిషన్లను చల్లబరిచే నీళ్లు ఎక్కడివని అడిగింది. సముద్రపు నీళ్లలో ఉప్పు తీసి ఇస్తారని, అవి మిద్దె మీది టవర్లలో ఆవిరైపోతుంటే లోపల చల్లబడుతుందని చెప్పాను. నా పని గురించి ఆవిడ అంత శ్రద్ధగా వినడం అదే మొదలు.

"మనకు సముద్రం యాడిది?" అంది.

సూట్‌కేసు కూడా కొన్నానన్నాను.

"మీరు రావాలని నాకు లేదనుకుంటాండారా?" అని ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం నాకు సెలవు. మా గదిలో ఉండే జగిత్యాల తమ్ముడు, సైట్‌లో ఫోర్‌మన్, చేపలకని అల్ రువైస్ అనే సముద్రపు ఊరికి బయలుదేరుతూ నన్నూ లాక్కెళ్లాడు. పొద్దుటినుంచి నేనేమీ తినలేదు. అక్కడ ఆవిడ పస్తుంటే ఇక్కడ నాకు తినబుద్ధి కాలేదు. దారిలో టీ వద్దన్నాను, రొట్టె వద్దన్నాను. ఏమైందని గుచ్చి గుచ్చి అడిగితే సంగతంతా చెప్పాల్సి వచ్చింది. చిన్న రేవులో పడవల పక్కన కూర్చున్నాక అతను అడిగాడు.

"అన్నా, వదిన కంపెనీ వద్దని కూసున్నది. మరి నీ దీక్ష రావాలనా, వద్దనా?"

ఎదురుగా సముద్రం, కనుచూపు మేరా నీళ్లు. అందులోంచి నాలుగు బిందెలు మా వీధికి పట్టుకెళ్లగలిగితే ఈ పాటికి ఇంట్లో ఉండేవాణ్ని కదా అనిపించి ఏడుపొచ్చింది. తమ్ముడు అటు తిరిగి చేపలు బేరమాడుతున్నట్టు నటించాడు.

నేను మాత్రం సాయంత్రం దాకా పస్తు ఉండాలని, ఎండ తగ్గడం కోసం చూస్తూ కూర్చున్నాను. ఇక్కడ ఎండ మండుతుండగానే ఆవిడ ఫోన్ చేసింది. దీక్ష అయిపోయిందట, నిమ్మరసం తాగిందట. మా ఊళ్లో దోహాకన్నా రెండున్నర గంటల ముందే సాయంత్రమవుతుందని ఇన్నేళ్లుగా తెలిసినవాణ్నే, ఆ రోజు మరిచిపోయాను. నా దీక్షకు లేచేవేళ ఎప్పుడో దాటిపోయింది. నిమ్మరసం ఇచ్చేవాళ్లు మాత్రం లేరు.

"మీరు అన్నం తిన్నారా?" అంది.

తిన్నానన్నాను.

తర్వాత ఆ టెంటు చాలా రోజులు నడిచింది. చివరికి కంపెనీవాళ్లు వేరే చోటు చూసుకున్నారు. ఊళ్లో టపాసులు కాల్చి మిఠాయిలు పంచుకున్నారని ఫోటోలు వచ్చాయి. వాటిలో మా ఆవిడ కోసం వెతికాను. ఒకదాంట్లో చివర నిలబడి ఉంది, చేతిలో మిఠాయి అలాగే ఉంది. ఊరు గెలిచింది. నేనూ ఆ ఊరివాణ్నే. సంతోషించాలని చూశాను, చేతకాలేదు.

ఆ సాయంత్రం ఫోన్ చేశాను. పాపకు పరీక్షలన్నది. పక్కింటివాళ్లు రాజీపడ్డారన్నది. ట్యాంకర్ వచ్చిందా అని నేనే అడిగాను, వచ్చిందన్నది. ఇక ఆ ఒక్క ప్రశ్నే మిగిలింది. ఈసారి ఏ పండగ పేరు చెప్పాలా అని వెతుక్కుంటూ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకున్నాను.

ఆవిడ అడగలేదు.