గోడ అవతలి నవ్వు

మైకు కీచుమంటే నా పళ్లు ఇప్పటికీ పులుస్తాయి. పోయిన ఆదివారం పొద్దున అదే జరిగింది. బోధన్‌లో మా ఇంటి పక్కనున్న ప్రార్థన మందిరానికి కొత్త స్పీకర్లు వచ్చాయి. ఒక కుర్ర గొంతు "హలో, హలో" అని పలికి, గట్టిగా ఊదింది. ఆ ఊదుడుకు మా వంటింట్లో గిన్నెల మీద మూతలు అదిరాయి. చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాను. నా భార్య సుగుణ బియ్యంలో రాళ్లు ఏరుతూ, తలెత్తకుండానే, "పోతున్నవా కొట్లాటకు?" అంది.

"కొట్లాటకు కాదు. చెప్పొస్త."

"చెప్పు. కానీ నువ్వు చెప్తె థ్యాంక్స్ చెప్పేటోడు ఇప్పుడు లేడు. యాదుంచుకో."

నేను గడప దగ్గరే ఆగిపోయాను.

ఆ థ్యాంక్స్ చెప్పేవాడు దేవదానం పాస్టరు. ఎనభైల చివర్లో ఏర్గట్ల వైపు నుంచి వచ్చాడు. పొట్టి మనిషి, సైకిలెక్కితే కాళ్లు పెడళ్లకు అందీ అందనట్టు ఉండేవి. మా ఇంటి గోడకు ఆనుకుని ఉన్న రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని అందులో ప్రార్థనలు మొదలుపెట్టాడు. వాళ్ల సంఘంవాళ్లు ఆయన్ని అయ్యగారు అనేవారు. మాది ఇంట్లో దేవుని అర్రలో దీపం పెట్టుకునే కుటుంబం. వాళ్ల అయ్యగారు నాకు అయ్యగారు ఎందుకవుతాడని నేను పాస్టర్ సాబ్ అనేవాణ్ణి. నేను చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరును. చెరుకు ఆడే రోజుల్లో మూడో షిఫ్టు చేసి, ఒళ్లంతా మొలాసిస్ వాసనతో తెల్లారి ఇంటికొచ్చి పడుకునేవాణ్ణి. ఆదివారం సరిగ్గా కన్ను మూతపడే వేళకు షెడ్డు మీద కట్టిన మైకు హారన్ మోగేది. ఊళ్లో ఇన్ని దిక్కులుండగా, దాని నోరు మా కిటికీ వైపే ఉండేది.

ఒక ఆదివారం లుంగీ మీదే వెళ్లాను. ప్రార్థన అప్పుడే అయిపోయింది. ఆయన చాప చుడుతున్నాడు.

"మీ దేవునికి చెవులు వినపడవా పాస్టర్ సాబ్? గంత గట్టిగ ఒర్లుతున్నరు?"

"దేవునికి మంచిగనే వినపడుతది అన్నా. మా నర్సవ్వకే జర తక్కువ."

నర్సవ్వ బీడీలు చుట్టే ముసలామె. పక్కనే కూర్చుని ఉంది. తన పేరు పెదాల కదలికలో పోల్చుకుందేమో, నన్ను చూసి నవ్వింది. నాకు ఇంకా మండింది.

"నవ్వులాట గాదు. నాకు మూడో షిఫ్టు. పొద్దుగాల పంటే మీ పాట నా నెత్తి మీదికెల్లి పోతున్నది. ఠాణాల చెప్పమంటరా?"

ఆయన చాప కింద పెట్టాడు. "నిద్ర లేక ఎన్ని దినాలాయె అన్నా?" అని అడిగాడు.

నేను కొట్లాటకు కావాల్సిన మాటలన్నీ సిద్ధం చేసుకుని వెళ్లాను. ఈ మాట మాత్రం నన్ను అప్పటిదాకా ఇంట్లోవాళ్లు కూడా అడగలేదు. "శానా దినాలాయె" అన్నాను. ఆయన లోపలికి వెళ్లి నిచ్చెన తెచ్చి గోడకు ఆనించాడు. "జర పట్టుకో మల్లేశన్నా, ఇది ఊగుతది" అని పైకెక్కాడు. ఫిర్యాదు చేయడానికి వెళ్లినవాణ్ణి నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. ఆయన హారన్ విప్పుతుంటే అందులోని దుమ్మూ, పిచ్చుక గూటి గడ్డీ నా నెత్తి మీద పడ్డాయి. ఆయన చూశాడు. నొచ్చుకుంటూ ఒక్క మాటైనా అనలేదు. అది నేను మనసులో పెట్టుకున్నాను.

మైకు పోయింది, నిద్ర మాత్రం రాలేదు. ఇదెందుకో చాలాకాలం నాకు అర్థం కాలేదు. పెద్ద చప్పుడు వస్తే మనిషి తిట్టుకుని దుప్పటి కప్పుకుంటాడు. చిన్న చప్పుడు వస్తే చెవి పెడతాడు. మొదట్లో గోడ అవతలి నుంచి పాస్టరు గొంతు సన్నగా, దానికి సంబంధం లేకుండా నర్సవ్వ గొంతు ఇంకో దారిలో వినపడేవి. పోనుపోను ఇంకేవో గొంతులు కలిశాయి. ఎవరివా అని పడుకునే లెక్కలు వేసేవాణ్ణి. ఇంతలో సంఘంవాళ్ల కోత పండుగ వచ్చింది. చెరుకు ఆడటం ముగిశాక చేసేవారు. వర్ని వైపు నుంచి వడ్లు, ఇటు నుంచి చెరుకు గడలు, పసుపు కొమ్ములు తెచ్చి ముందు పెట్టేవారు. ఆ రోజు పాస్టరు ఏడాదిలో జరిగిన మేళ్లన్నీ చెప్పి, ఒక్కొక్కరి పేరునా కృతజ్ఞత చెప్పేవాడు.

గోడకు చెవి ఆనించి ఉన్నాను. "మన మల్లేశన్న..." అని వినపడింది. ఆ తర్వాతి మాటలు గోడ మింగేసింది. వెంటనే నవ్వు. మామూలు నవ్వు కాదు. ఆడా మగా అంతా కలిసి, రేకులు అదిరేలా నవ్వారు. మైకు దించమన్న మనిషిని నిండు సభలో పేరు పెట్టి చెప్పి నవ్వితే దానికి అర్థమేమిటి? నాకు తోచిన అర్థం ఒక్కటే.

"పోయి అడుగరాదా?" అంది సుగుణ.

"అడిగితే నేను చిన్నబోయినట్టు వాళ్లకు తెలుస్తది."

"పోనీ నేను నర్సవ్వను అడుగుత."

"అడిగినవంటే మన ఇద్దరికి మాటలుండయి."

ఆమె అడగలేదు. నేనూ అడగలేదు. ఏళ్లు గడిచాయి. ప్రతి కోత పండుగకు షిఫ్టు మార్చుకుని మరీ ఇంట్లో ఉండేవాణ్ణి. ప్రతిసారీ నా పేరు వినపడేది. కానీ ఆ నవ్వు మళ్లీ రాలేదు. అందుకే నాకు మరీ ఆసక్తి పెరిగింది. ఎగతాళే అయితే ఏటా నవ్వాలి కదా? నిజంగా కృతజ్ఞతే అయితే మొదటిసారి ఎందుకు నవ్వినట్టు? ఆ మనిషిని గమనించడం అప్పటినుంచే మొదలుపెట్టాను. ఎక్కడో ఒక చోట దొరుకుతాడని.

దొరకలేదు. దొరికినవి వేరే. మా వీధిలో చాలా ఇళ్లు చీకటి కొట్లు. ఆడవాళ్లు గడపల్లో కూర్చుని కళ్లు చికిలిస్తూ బీడీలు చుట్టేవారు. పాస్టరు వారం దినాల్లో షెడ్డు తలుపులు తెరిచిపెట్టి, "లోపల వెలుతురున్నది, రాండ్రి" అన్నాడు. నర్సవ్వ మొదట వెళ్లింది. తర్వాత అందరూ చాటలతో వెళ్లారు, మా సుగుణతో సహా. దూలానికి చీరలు కట్టి పిల్లల్ని ఊపుతూ, తంబాకు దులుపుతూ, వాళ్ల ఉయ్యాల పాటలు వాళ్లు పాడుకునేవారు. ఆయన వద్దనలేదు. పైగా గుమ్మం బయట కూర్చుని ఆ బాణీ నేర్చుకుని, ఆదివారం తన పాటకు తొడిగేవాడు. తంబాకు ఘాటుకు ఆదివారం ప్రసంగం మధ్యలో తుమ్మేవాడు. ఒక్కో వాక్యానికి ఒక్కో తుమ్ము.

చెరుకు బండ్లు ఫ్యాక్టరీ బయట వరుసకట్టి, మా వీధి దాకా వచ్చి ఆగేవి. మంజీర అవతలి నుంచి వచ్చిన బండివాళ్లకు మరాఠీ తప్ప రాదు. పాస్టరు బిందె పట్టుకుని "పాణీ ఘ్యా, పాణీ ఘ్యా" అంటూ బండి బండికీ తిరిగేవాడు. ఎండకు ఆగలేనివాళ్లను షెడ్డులో పడుకోబెట్టేవాడు. వాళ్ల ఎడ్లు నా వాకిట్లో పేడ వేస్తున్నాయని నేను ఫిర్యాదు చేశాను. ఆయన గంపతో వచ్చి ఎత్తుకుపోయి, తన సొరపాదుకు వేశాడు. కొన్నాళ్లకు ఒక సొరకాయ పంపించాడు. ఫిర్యాదుకు జవాబు సొరకాయా? నేను తిన్నాను కానీ బాగుందని అనలేదు.

తర్వాత చెప్పుల గొడవ వచ్చింది. జనం పెరిగి, ఆదివారం వాళ్లు విడిచిన చెప్పులు షెడ్డు ముందు నుంచి పాకి మా మెట్ల మీదికి వచ్చాయి.

"పాస్టర్ సాబ్, నా ఇంట్లకు నేనే దారి వెతుక్కోవాల్నా?"

ఆయన బయటికి వచ్చి, నడుం మీద చేయి పెట్టుకుని, ఏదో వింత చూసినట్టు ఆ చెప్పులను చూశాడు. "గిన్ని వచ్చినయా! లోపల నిలబడితె నాకు తలకాయలే కనపడుతయి అన్నా. సంఘం ఎంత పెరిగిందో బయటున్న నీకే తెలుస్తది. మంచిగ చెప్పినవు" అని వంగి చెప్పులు జరపసాగాడు. వెటకారం కోసం ఆయన ముఖమంతా వెతికాను. కనపడలేదు. బాగా దాచుకునే మనిషి అనుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటాక ఒక రోజు నిజామాబాద్ నుంచి సంఘం పెద్దాయన జీపులో వచ్చాడు. జీపు నా వాకిలికి అడ్డంగా ఆగింది. సైకిలు బయటికి తీయలేక అక్కడికి వెళ్లాను. షెడ్డు ముందు కుర్చీల్లో వాళ్లిద్దరూ, మధ్యలో కొత్త మైకు సెట్టు. లోపల బీడీలు చుట్టేవాళ్లు.

"గీ జీపు ఎవరిది? నా సైకిల్ మీదికెల్లి ఎగురాల్నా?"

"రా మల్లేశన్నా. నీ గురించే మాట్లాడుతున్నం" అన్నాడు పాస్టరు.

"నా గురించి మాట్లాడుడు మీకు అలవాటే గద."

పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "ఈయన మన సంఘపాయననా?" అని అడిగాడు.

"కాదండి. మన గోడాయన. ఈ మైకు పెట్టాల్నా వద్దా అన్నది ఈయన్నే అడగాలె."

"ఈయన్ని అడుగుడేంది దేవదానం? జనం పెరిగిండ్రు. ఎన్కకున్నోళ్లకు వినపడొద్దా?"

"మైకు పోయినంకనే పెరిగిండ్రండి. ఈ అన్న పుణ్యాన."

ఇక నా వల్ల కాలేదు. "పుణ్యమైతే మరి ఎందుకు నవ్విండ్రు?" అని అరిచినట్టే అడిగాను.

పాస్టరు తెల్లబోయాడు. "ఎప్పుడన్నా?"

"మొదటి కోత పండుగకు. నా పేరు తీసి, అందరు కలిసి నవ్విండ్రు. గోడకెల్లి విన్న."

"నేను అన్న మాట వినపడలేదా మరి?"

"ఎట్ల వినపడుతది? మైకు లేదు గద!"

షెడ్డులో చాటల చప్పుడు ఆగిపోయింది. పాస్టరు కుర్చీ నాకిచ్చి తాను నిలబడ్డాడు. సభలో చెప్పినట్టే చెప్పాడు.

"గీ మాట అన్నానన్నా. మల్లేశన్న మైకు దించమన్నడు. దించి పాట ఎత్తుకున్న. నాతోటి పాడింది నర్సవ్వ ఒక్కతే. ఆమెకు మైకు పోయిన సంగతే తెల్వదు. అప్పుడు తెలిసింది నాకు, గిన్ని దినాలు నేనొక్కణ్ణే పాడుకుంట, మీరందరు పాడుతున్నరనుకున్న. ఆ మైకు మోతల మీరందరు మంచిగ నిద్రపోయిండ్రు. నిద్ర పట్టనిది మల్లేశన్న ఒక్కనికే. అందుకే ఆయనకు వందనాలు అన్న. గంతే, అందరు నవ్విండ్రు."

లోపలి ఆడవాళ్లు మళ్లీ నవ్వారు, అదే నవ్వు, రేకులు అదిరేలా. నర్సవ్వ పక్కామెతో చెవిలో చెప్పించుకుని, అందరూ ఆపాక ఒక్కతే నవ్వింది. ఆ నవ్వుల్లో సుగుణ గొంతూ ఉంది. "నేను అడగకున్నా ఆడోళ్లు గప్పుడే చెప్పిండ్రు. అడిగితె మాటలుండయని నువ్వే అంటివి, అందుకే ఊకున్న" అంది చాట వెనక నుంచి.

"మరి మైకు సంగతేంది?" అన్నాడు పెద్దాయన.

"వద్దు" అన్నాను. పాస్టరు తలూపాడు. ఆ సెట్టు వర్ని దగ్గరి ఇంకో సంఘానికి వెళ్లింది. అందరూ నవ్వుతున్నా ఆ రోజు నేను మాత్రం నవ్వలేదు. జీపు ఇంకా నా వాకిట్లోనే ఉంది మరి.

ఆ తర్వాతి వారం మా వైపు గోడకు మేస్త్రీ వచ్చి బొక్క కొట్టడం మొదలుపెట్టాడు. పరుగెత్తుకెళ్లాను. "మా ఇంట్లకు తొంగి చూస్తరా?" అన్నాను. "మేం చూసుటందుకు గాదన్నా. నువ్వు వినుటందుకు" అన్నాడు పాస్టరు. కిటికీ పెట్టించాడు. మా కిటికీకి ఎదురుగా. తర్వాతి కోత పండుగలన్నీ నేను మంచం మీద కూర్చునే ఒక్క మాట పోకుండా విన్నాను. చివరిసారి ఆయన అన్న మాట కూడా: "సంఘం పెరిగిందని నన్ను మెచ్చుకుంటున్నరు. నేను పాడుడు తగ్గిచ్చినకొద్ది మీరు ఎక్కువైండ్రు. దేవునికి స్తోత్రం." ఆ మాట తర్వాత తుమ్మాడు.

చక్కెర ఊళ్లో చక్కెర జబ్బుతోనే పోయాడు. పెట్టె మోసుకుపోతూ మైకు లేకుండా పాడారు. నేను రోడ్డు పక్కగా నడిచాను. పాట ఉయ్యాల బాణీలో ఉంది. వరుసలో ఎవరి గొంతు ఎవరిదో చూడకుండానే చెప్పగలిగాను. గోడ అవతల ఉండి నేర్చుకున్న విద్య అది. ఈనాటికీ పెళ్లికి వెళ్లినా, జాతరకు వెళ్లినా, మైకు మోతకు కింద ఎవరు పాడుతున్నారా అని నా చెవి వెతుకుతుంది. నా కొలువు పోయింది, నా కోపాలు కొన్ని పోయాయి, ఈ అలవాటు పోలేదు.

పోయిన ఆదివారం గడప దాటి వెళ్లేసరికి పాట మొదలైంది. షెడ్డు ఇప్పుడు లేదు, రెండంతస్తుల మందిరం ఉంది. కట్టేటప్పుడు ఆ కిటికీ మాత్రం అదే చోట ఉంచారు. ఊచల మీద కొట్టాను. లోపల కొత్త పాస్టరు, మీసాలు సరిగ్గా రాని కుర్రవాడు, పాట మధ్యలో నన్ను చూసి కంగారుపడి మైకు ఆపేశాడు. ఆపగానే పాట కూడా ఆగిపోయింది. అంతమంది జనంలో ఒక్కరూ పాడటం లేదు. వెనక మూల నుంచి ఒక ముసలి గొంతు మాత్రం ఏమీ తెలియనట్టు తన దారిన తాను పాడుకుపోతోంది. చెవులు సరిగా వినపడనివాళ్లు ప్రతి తరానికీ ఒకరు ఉంటారు కాబోలు.

కుర్రవాడు ఆ మూలకు తిరిగి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. తర్వాత తన చేతిలోని మైకు వైపు చూసుకున్నాడు. "ఏంది పెదనాన్నా?" అని మెల్లగా అడిగాడు.

"నా మెట్ల మీద చెప్పులు విడిచిండ్రు" అని చెప్పి, మైకు మాట ఎత్తకుండానే వచ్చేశాను. కోత పండుగ ఇంకా కొన్నాళ్లుంది. మా కిటికీ తెరిచే ఉంచాను.