ఐలేశం మంద ఎటు పోతది?

తిరుమలగిరి అంగడి తొవ్వలో రజాక్ చాయ్ హోటల్ ఉండేది. రేకుల కింద ఒక పొయ్యి, రెండు బల్లలు, గ్లాసులు కడిగే గంగాళం. ఇప్పుడా జాగాలో ఎరువుల దుకాణం పడింది. కానీ ఎనభైల్లో ఎండలు ముదిరాయంటే ఊరి మగవాళ్లు సగం మంది ఆ బల్లల మీదే కనిపించేవాళ్లు. ఒక యేడైతే అందరిదీ ఒకటే ముచ్చట. ఈ యేడు ఐలేశం మంద ఎటు పోతది?

ఐలేశం పక్క గూడెంలో గొర్లు కాసుకునే పిల్లగాడు. వాలీబాల్ ఆడితే మాత్రం చుట్టుపక్కల ఊర్లన్నీ పనులు మానుకుని వచ్చేవి. వాడు ఎగిరితే మోచేతులు నెట్టు దాటి పైకి పోయేవి. కొట్టిన బంతి నేల మీద మచ్చ పెట్టేది.

వాడు ఏ ఊరికి ఆడతాడన్నది గొర్ల మీద ఆధారపడింది. రామన్నపేటలో ఎండకాలం పోటీలు జరిగేవి. ఊర్లు ఎక్కడెక్కడి ఆటగాళ్లనో తెచ్చుకుని తన్నులాడుకోవడంతో పెద్దమనుషులు ఒక కట్టుబాటు పెట్టారు. పోటీల నాటికి ఏ ఊళ్లో పొయ్యి ముట్టించుకుంటే ఆ ఊరికే ఆడాలి. మిగతావాళ్ల పొయ్యిలు కదలవు. గొర్లకాపరి పొయ్యి మంద వెంట పోతుంది. అన్నేళ్లూ ఐలేశం నాయిన మందను తోలుకుపోతే కొడుకు ఇంటి దగ్గరుండి తిరుమలగిరికి ఆడాడు. ఆ యేడు ముసలాయనకు నడుము పడిపోయింది. మంద ఐలేశం చేతికొచ్చింది.

"నిన్న రామన్నపేట అంగట్ల కొత్త గొంగడి కొన్నడట. గా ఊరికే పోతడు, రాసిపెట్టుకో" అనేవాడు సైకిళ్లు బాగుచేసే భిక్షం.

"గొంగడి యాడ కొంటే గాడికి పోతడా? నువ్వు సూర్యాపేటల చెప్పులు కొన్నవ్, గాడనే ఉన్నవా?" అనేవాడు దవాఖానలో కాంపౌండర్‌గా పనిచేసే ఇస్రాయేలు.

"కేతేపల్లోళ్లు మూసీ కాలువ కింద పొలాలిస్తమన్నరు. ఎరువుకని మంద పెట్టినందుకు వడ్లు గూడ కొలుస్తరట" అనేవాడు ఇంకొకడు.

"ఎవరన్నరు?"

"బస్సుల అనుకుంటుంటె విన్న."

"ఇగ అయిపాయె. బస్సుల విన్నదంటె పక్కానే!"

అందరూ నవ్వేవాళ్లు. రజాక్ కూడా నవ్వుతూనే చాయ్ వడపోసేవాడు. చెవులు మాత్రం ముచ్చట మీద, కండ్లు తమ్ముడు మెహమూద్ మీద ఉండేవి.

మెహమూద్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. గంగాళం దగ్గర కూర్చుని గ్లాసులు కడిగేవాడు, బాయి నుంచి బిందెలు మోసేవాడు. ఆటలో అతనిది లిఫ్టు పని. నెట్టు దగ్గర నిలబడి, ఐలేశం కొట్టడానికి వీలుగా బంతిని లేపి ఇవ్వాలి. జనం బంతి కొట్టినవాణ్ణి చూస్తారు, లేపినవాణ్ణి ఎవరు చూస్తారు? రజాక్ చూసేవాడు. ఐలేశం ఇంకా నేల మీద ఉండగానే, వాడు ఎగిరి చేరబోయే చోట తమ్ముడు బంతిని పెట్టేవాడు. పువ్వు పెట్టినట్టు పెట్టేవాడు.

ఆ ఎండకాలానికి మెహమూద్ కుంటడం మొదలైంది. ఇస్రాయేలు రజాక్‌ను పక్కకు పిలిచి చెప్పాడు. "మోకాలు అరిగింది, రజాక్ భాయ్. డాక్టర్ సాబ్ చెప్పిండు. గీ ఒక్క ఎండకాలం ఆడనియ్యి. మల్ల వద్దు."

రజాక్ తమ్ముడికి మిగిలింది ఒక్క ఆట. అది ఐలేశం లేకుండా పోతే ఎట్లా?

మర్నాడే రజాక్ చాయ్‌పత్తి పొట్లం, చక్కెర పట్టుకుని గూడేనికి పోయాడు. ఐలేశం తల్లి బీరమ్మ గొర్రె కాలు ఒళ్లో పెట్టుకుని గిట్టలో ముల్లు తీస్తోంది.

"రా బిడ్డా రజాకూ. నువ్వెందుకొచ్చినవో నాకెరుకే" అంది తల ఎత్తకుండానే.

"అవ్వా, జర ఈ యేడు మందను ఈడనే ఉంచరాదు? ఊరంతా మీ దిక్కే చూస్తాంది."

బీరమ్మ ముల్లు తీసి అవతల పారేసింది. అతని చేయి పట్టుకుని బాయి దగ్గరికి తీసుకుపోయింది. బాయి అడుగున పళ్లెమంత నీళ్లు. పైన తొట్టి దగ్గర గొర్రె పిల్లలు తడి మట్టి నాకుతున్నాయి.

"చెప్పు. ఊరు చూస్తాంది సరే, ఇవి ఎవరి దిక్కు చూడాలె?"

రజాక్ తెచ్చిన పొట్లాలు ఆమె చేతిలో పెట్టి, "కేతేపల్లికే తోలుకపో అవ్వా. కాలువ నీళ్లుంటయ్" అన్నాడు. ఆ మాట తన నోటే వచ్చినందుకు అతనికే ఆశ్చర్యమనిపించింది.

మంద దడి దగ్గరున్న ఐలేశం బాయి దగ్గరికి నడిచి వచ్చాడు. "మెహమూదన్న ఏమన్నడు?"

"ఏమంటడు? ఏమన్లే."

"అన్న లేపకుంటె నేనేం కొడత భాయ్? కేతేపల్లోళ్లు నాకు బంతి ఇస్తరు గని, గా తీరుగ ఎవరిస్తరు?"

ఆ మాటే తొవ్వ పొడుగునా రజాక్ వెంట నడిచింది.

హోటల్లో భిక్షం గొంగడి కథ మళ్లీ నడుస్తోంది. రజాక్ జనం పలచబడ్డాక అటక మీది నుంచి పాత కిరోసిన్ స్టవ్ దించాడు. బూజు తుడిచి, కొత్త వత్తులు ఎక్కించి, ముట్టించి చూశాడు. నీలం మంట లేచింది.

"మెహమూద్, బట్టలు సదురుకో. మందతోటి కేతేపల్లికి పో. గాడ కాలువ కట్ట మీద చాయ్ పెట్టు. ఇది ముట్టిస్తే నీ పొయ్యి గా ఊర్లెనే ఉన్నట్టు."

మెహమూద్ చేతిలో గ్లాసు ఆగిపోయింది. "మన ఊరి మీద ఆడమంటవా భాయ్? గీ బల్లల మీద కూసునేటోళ్లు నిన్ను బతకనిస్తరా?"

"వాళ్ల ఫికర్ నాకిడిసిపెట్టు. మోకాలికి గుడ్డ మాత్రం మర్శిపోకు."

రామన్నపేటలో జరగాల్సిందే జరిగింది. తిరుమలగిరి, కేతేపల్లి ఎదురుపడ్డాయి. ఊరోళ్లంతా లారీలో వచ్చారు. రజాక్ వాళ్లలోనే కూర్చున్నాడు.

"నీ నోరు ఎటు దిక్కు తెరుస్తవో చూస్తనే ఉంట" అన్నాడు భిక్షం.

చివరి గేము సమానంగా నడిచింది. ఆఖరి బంతి మెహమూద్‌కు దూరంగా పడబోయింది. కుంటికాలి మీదే ఉరికి, కింద పడుతూ, వెనక్కి చూడకుండానే లేపాడు. ఐలేశం అప్పటికే గాల్లో ఉన్నాడు. బంతి తిరుమలగిరి నేల మీద మచ్చ పెట్టింది. కేతేపల్లి జనం ఐలేశాన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. మట్టిలో కూర్చున్న మెహమూద్ అన్న దిక్కు చూసి నవ్వాడు. రజాక్ రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. ఎండ అట్లా ఉంది మరి.

తిరుగు లారీలో అతనితో ఎవరూ మాట్లాడలేదు. తెల్లారి హోటల్ బల్లలు ఖాళీ. రజాక్ రోజూ పెట్టినట్టే నిండు గిన్నె చాయ్ పెట్టి, మసలబెట్టి, మళ్లీ మసలబెట్టి, సాయంత్రానికి పారబోశాడు. మరో రెండు రోజులూ అంతే.

తర్వాత ఒక పొద్దున భిక్షం వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. మొహం గంటు పెట్టుకునే ఉన్నాడు. వెనకే ఇస్రాయేలు వచ్చాడు.

"ఒక చాయ్ పొయ్. ఊర్లె ఇంకో హోటల్ లేకపాయె" అన్నాడు భిక్షం. సాసర్లో పోసుకుని రెండు గుటకలు తాగాక గొంతు మెత్తబడింది. "గా ఆఖరి బంతి ఉన్నది చూడు... వెనకకు చూడలే. అస్సలు చూడలే! నేనిన్నేండ్లు ఐలేశాన్నే చూసిన, గుడ్డోని తీరు." సాసర్ మళ్లీ నింపుకుంటూ అడిగాడు. "రజాకూ, వచ్చే యేడు మెహమూద్ ఎవరికి ఆడతడు?"

రజాక్ చేతిలో గంటె ఆగింది. ఆ బల్లల మీద ఆ ప్రశ్న ఎవరూ ఎన్నడూ అడగలేదు. అతను ఇస్రాయేలు దిక్కు చూశాడు. మోకాలి సంగతి తెలిసిన ఇస్రాయేలు చాయ్ మీది మీగడను వేలితో పక్కకు జరుపుతూ కూర్చున్నాడు.

"ఏమో, రామన్నపేటోళ్లు గుంజుకపోతరేమో" అన్నాడు ఇస్రాయేలు.

"వాళ్లెట్ల గుంజుకపోతరు? మనమేం చచ్చినమా?" భిక్షం సాసర్ దించి మోకాలు చరిచాడు.

"ఎవరికెరుక? చూడాలె మరి" అన్నాడు రజాక్, పొయ్యిలో ఇంకో కట్టె నెడుతూ.