ముహూర్తం చీర అంచులో గంజాయి ఆకు

2004లో నన్ను ధర్మవరం ఎక్సైజ్ స్టేషన్‌కు ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. అంతకు పదేళ్ల ముందు, పెనుకొండ వైపు సబ్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నప్పుడు, కంది సాళ్ల మధ్య దొంగచాటుగా పెంచిన గంజాయి మొక్కలు ఎన్నో పీకించాను. మధ్యవర్తుల ఎదుట పంచనామా రాయించి, శాంపిల్ తీసి, సీలు వేయడం నాకు బాగా అలవాటైన పని. అప్పట్లో గంజాయి అంటే బైరాగులది, లారీ డ్రైవర్లది. ఇళ్లలో ఆడపిల్లల ముందు ఆ మాటే ఎత్తేవారు కాదు.

ధర్మవరం వచ్చిన కొత్తలో, రామగిరి వైపు రైతు హనుమంతప్ప ఒక పట్టుచీర తెచ్చి నా బల్ల మీద పరిచాడు. వెంట కూతురు సుజాత ఉంది. హిందూపురంలో డిగ్రీ చదువుతోంది. అది ఆమె పెళ్లిచీర.

“బార్డర్ నిండా గంజాయాకే సార్! పెండ్లికొడుకు మేనమామ చూసి, ‘ఏమప్పా, మమ్మల్ని ఎగతాళి చేస్తాండావా’ అన్యాడు. పెండ్లి నిలబడేట్టు లేదు. దీన్ని నేసినోన్ని లోపలెయ్యండి.”

నిజమే. కుంకుమ రంగు చీర, అంచు పొడవునా ఏడు రెక్కల పచ్చటి ఆకులు.

ముగ్గురం నేతగాడు గోవిందప్ప ఇంటికి వెళ్లాం. మగ్గం మీద అదే అంచుతో మరో చీర సగంలో ఉంది. నా యూనిఫాం చూడగానే అతను మగ్గం దగ్గర్నుంచి లేచి నిలబడ్డాడు.

“బెంగుళూరులో పిల్లోళ్ల బనీన్ల మింద చూసినా సార్. ఆకు బాగుండాదని డిజైన్ గీయించినా. గంజాయని నాకేం తెలుసు? నన్ను తీస్కపోతే ఇంట్లో వాళ్లేం తినల్ల?”

అతణ్ణి కూర్చోమన్నాను. చట్టంలో గంజాయి అంటే ఆ మొక్కకు పూత, కాయ పట్టిన కొసలు. అవి లేకుండా ఉత్త ఆకు దొరికినా ఆ నిర్వచనంలోకి రాదు. ఇక బొమ్మ మీద కేసేమిటి? ఇదే హనుమంతప్పకూ చెప్పాను.

“అయితే నా బిడ్డ పెండ్లి ఏం గావల్ల సార్?” అన్నాడాయన.

సుజాత అప్పుడు అందుకుంది. “నాకీ చీరే కావల్ల నాయనా. మా కాలేజీలో సగం మంది బ్యాగుల మింద ఇదే ఉండాది. వాళ్లంతా గంజాయి తాగేటోళ్లా?”

“మీ అత్తగారోళ్లకు ఏం చెప్పల్ల?”

“పెండ్లికొడుకు బండి మింద కూడా ఈ ఆకు స్టిక్కరే ఉండాది. ఫోటోలో నేను చూసినా. ఆ మేనమామను ముందు దాన్ని పీకమను.”

గోవిందప్ప తల వంచుకొని నవ్వాపుకున్నాడు. హనుమంతప్ప కూతుర్ని చీర మడత పెట్టమన్నాడు. ఫిర్యాదు వద్దన్నాడు. ముహూర్తానికి మామిడిపిందెల అంచు చీర తీసుకున్నారు. ఆకుల చీర ఆమె సాయంత్రం రిసెప్షన్‌కు కట్టుకుంది. పెళ్లి బాగానే జరిగింది. గోవిందప్ప నేసిన మిగతా చీరలను బెంగుళూరు దుకాణం వాళ్లు అడిగి మరీ పట్టుకుపోయారు.

తర్వాత హిందూపురానికి బదిలీ అయ్యాక, అక్కడ గంజాయి పొట్లాలతో దొరికిన వాళ్లను చాలామందిని రిమాండుకు పంపాను. వాళ్లెవరి చొక్కాల మీదా ఆ ఆకు లేదు. జనం కళ్లలో ఆ ఆకు అర్థం మారిపోయింది. చట్టంలో ఆ మొక్క అర్థం మారలేదు. ఈ రెంటినీ విడివిడిగా చూడటమే మా ఉద్యోగమని ఆ చీర వల్ల తెలిసింది.