పాపిట కోసం ప్రార్థన మనవి

మా ఇంట్లో బట్టతల మగవాళ్ళ ఆస్తి అనే అనుకునేవాళ్ళం. తాతగారికి ఉండేది, నాన్నగారికి వచ్చింది, ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో చేరిన కొన్నేళ్ళకే నాకూ వచ్చింది. నేను పెద్దగా పట్టించుకోలేదు. మగవాడి బట్టతల మీద లోకం ఒక జోకు వేసి ఊరుకుంటుంది. ఆ ఆస్తిలో మా అమ్మాయికి కూడా వాటా ఉంటుందని మాకెవరికీ తోచలేదు.

అమ్మాయికి ముప్పై దాటాక పాపిట వెడల్పు కావడం మొదలైంది. ఆడవాళ్ళకి మాలాగా నుదుటి నుంచి నున్నగా పోదు. పాపిటకి ఇరువైపులా జుట్టు పలచబడి, కింది చర్మం కనిపిస్తుంది. ఆమె జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. అల్లుడి ఉద్యోగం కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో కాబట్టి వారమంతా మా దగ్గరే ఉంటుంది, ఆదివారానికి అతను వస్తాడు. అందువల్ల మార్పంతా మా కళ్ళముందే జరిగింది. ఫ్యాను కింద కూర్చోవడం మానేసింది. పెళ్ళిళ్ళకి వెళ్ళడం తగ్గించింది. వెనక బెంచీల్లో పిల్లలు నవ్వితే తనను చూసే నవ్వారనుకుని చిన్నబోయి ఇంటికొచ్చేది. ఆదివారం ఉదయం మాత్రం ఆమె ముఖం తేటగా ఉండేది. మా లూథరన్ గుడిలో ఆడవాళ్ళందరూ తలమీద చెంగు కప్పుకునే కూర్చుంటారు. ఆ కాసేపూ అందరి తలలూ ఒకటే.

రాజమండ్రిలో చర్మవైద్యురాలి దగ్గరకు తీసుకెళ్ళింది నేనే. ఆమె ఓపికగా తల చూసి, రక్తపరీక్షలు చేయించి, వంశపారంపర్యమేనని తేల్చారు. తరవాత నా తల వైపు చూసి, "మీరు పక్కన కూర్చుంటే నాకు సగం పని తప్పిందండి" అన్నారు. అమ్మాయి చాలా రోజుల తరవాత నవ్వింది. ఇది తల్లివైపు నుంచైనా తండ్రివైపు నుంచైనా రావచ్చని, ఇందులో ఎవరి తప్పూ లేదని డాక్టరమ్మగారు చెప్పారు. మందుతో పాటు ఇంజెక్షన్లు కూడా చేద్దామన్నారు. మన చేతి రక్తమే కొంచెం తీసి, మిషన్లో తిప్పి, పైకి తేరిన పసుపుపచ్చని భాగాన్ని సన్నటి సూదులతో తలలోకి ఎక్కిస్తారు. కొన్నాళ్ళు నెలకొకసారి, ఆపైన అప్పుడప్పుడు. ఇది అందరికీ ఒకేలా పనిచేయదని, చచ్చిపోయిన కుదుళ్ళు మళ్ళీ మొలవవని, ఉన్నవాటికి బలం చిక్కవచ్చని కూడా ముందే చెప్పారు. అంత నిజం ముందుగా చెప్పే వైద్యులు దొరకడం అదృష్టం. ఆ రోజు డైరీలో అదే రాసుకున్నాను.

అమ్మాయి ఒప్పుకుంది, ఒక షరతు మీద.

"ఎవరికీ తెలియకూడదు నాన్నా. తెలిసిందంటే మధ్యలోనే మానేస్తాను."

తను మాట మీద నిలబడే మనిషి. మాకు సూదుల కన్నా ఆ మాటే భయం.

మొదటిసారి నేను గదిలోనే కూర్చున్నాను. మిషను ఆగాక నర్సు గాజుగొట్టం పైకెత్తి చూపించింది. అడుగున ఎరుపు, పైన లేతపసుపు. నా చిన్నతనంలో వరదరోజుల్లో గోదావరి ఎర్రనీళ్ళు బిందెలో పోసి, ఇండుపగింజ అరగదీసి కలిపేవారు. తెల్లారేసరికి మట్టి అడుక్కి దిగి పైన తేటనీరు నిలిచేది. ఆ సంగతి నర్సుకి చెబితే అలాంటి గింజ పేరే వినలేదంది. తలకి మొద్దుబారే క్రీము రాసినా, అమ్మాయి ప్రతి సూదికీ నా చెయ్యి నొక్కుతూనే ఉంది. సాయంత్రానికి నుదురు కాస్త ఉబ్బి, తరవాత తగ్గింది.

రెండోసారి కూడా అలాగే గడిచింది. ఆ తరవాత మూడు వారాలకి గుట్టు బయటపడింది.

మా ఆవిడ స్త్రీల సమాజంలో ఎప్పటినుంచో ఉంది. ఇంట్లో ఎవరికి బాగోలేకపోయినా గుడిలో ప్రార్థన మనవి ఇవ్వడం మా వాడుక. ఇవ్వకపోతే వైద్యంలో ఏదో వెలితి మిగిలినట్టే ఉంటుంది. పాపం ఆవిడ షరతు తప్పానని అనుకోలేదు. జుట్టు మాట ఎత్తకుండా, "మా అమ్మాయి తలకి వైద్యం జరుగుతోంది, ప్రార్థన చేయండి" అని మాత్రం పాస్టరుగారికి చెప్పింది. ఆయన ఆదివారం నిండు గుడిలో, ఈ కుటుంబం మీదికి వచ్చిన శోధనను తొలగించమని, ఈ బిడ్డ తలను ముట్టి స్వస్థపరచమని వణికే గొంతుతో చాలాసేపు ప్రార్థించారు. తలకి వైద్యం అంటే జనం మెదడులో గడ్డనే ఊహించుకుంటారు. ఆడవాళ్ళ వరసల్లో ఎవరో వెక్కడం వినిపించింది.

ఇంటికొచ్చాక అమ్మాయి తల్లితో, "ఇంక నేను వెళ్ళనమ్మా" అంది. మూడోసారి సూదుల రోజు దగ్గరలోనే ఉంది. అల్లుడు నచ్చజెప్పబోతే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మా ఆవిడ వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ముందు ఎవరిని ఓదార్చాలో నాకు తెలియలేదు.

సాయంత్రం స్త్రీల సమాజం వాళ్ళు వచ్చారు. రోగిని చూడటానికి వచ్చినట్టే బత్తాయిలు, కొబ్బరిబొండాలు పట్టుకొచ్చారు. ఒకావిడ క్యారేజీలో జావ తెచ్చింది. అందరికన్నా ముందు వచ్చినవారు రిటైరైన టీచరమ్మగారు, మా అమ్మాయికి చిన్నప్పుడు సండేస్కూల్లో పాటలు నేర్పిన మనిషి. అమ్మాయి బయటికి రాక తప్పలేదు. టీచరమ్మగారు ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఆపరేషన్ ఎప్పుడన్నారని, వైజాగ్ తీసుకెళ్తారా అని అడుగుతూనే ఏడ్చేశారు.

ఏదో ఒకటి చెప్పి పంపేయవచ్చు. అమ్మాయి ఆ పెద్దావిడ ముఖం చూసి అలా చేయలేకపోయింది.

"ఏడవకండి టీచర్‌గారూ. నా ప్రాణానికేం కాలేదండి. జుట్టు ఊడిపోతోంది, దానికి సూదులు వేయించుకుంటున్నాను. అంతే."

జావ తెచ్చినావిడ క్యారేజీ నెమ్మదిగా కింద పెట్టింది. టీచరమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు.

"నిజంగా అంతేనా?"

"అంతేనండి."

"దేవుడికి స్తోత్రం" అని ఆవిడ తలమీది చెంగు వెనక్కి తీసి, మా అమ్మాయి ముందు తల వంచారు. "చూడవే పిచ్చిపిల్లా. వేసవిలో గోదారి ఇసకతిప్పలా లేదూ నా పాపిట? ఎన్నేళ్ళ నుంచో ఈ చెంగు చాటునే లాగించేస్తున్నాను."

జావ తెచ్చినావిడ తన ముడిలో సగం సవరమేనని ఒప్పుకుంది. "సగమేంటి వదినా, ముప్పావు అని చెప్పు" అని పక్కావిడ అందుకుంది. ఒక్కొక్కరే చెంగులు తీశారు. కొందరికి మంచి జుట్టే ఉంది. వాళ్ళు పాపం కాస్త సిగ్గుపడుతున్నట్టు నిలబడ్డారు. అక్కడ మగవాళ్ళకి పని లేదనిపించి అల్లుణ్ణి తీసుకుని వరండాలోకి వచ్చేశాను. లోపలి నుంచి అమ్మాయి నవ్వు వినిపించింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా వీధిలోకి చూస్తూ కూర్చున్నాం. వెళ్ళేముందు వాళ్ళు మళ్ళీ ప్రార్థన చేశారు, ఈసారి జుట్టు కోసమేనని విప్పి చెప్పి.

మూడోసారి సూదులకి అమ్మాయి వెళ్ళింది. తోడంటూ టీచరమ్మగారు కూడా ఆటో ఎక్కారు. తన వయసుకి ఈ వైద్యం పనిచేస్తుందా అని ఆవిడ అడిగితే, కుదుళ్ళు చాలావరకు పోయాయని, సూదుల నొప్పి తప్ప పెద్ద ఫలితం ఉండదని డాక్టరమ్మగారు ఉన్నమాట చెప్పారు. "పోన్లెండి, అడిగి తెలుసుకున్నాను" అని ఆవిడ హాయిగా బెంచీ మీద కూర్చున్నారు.

ఏడాది దాటింది. పాపిట పూర్తిగా మూసుకోలేదు. ఊడటం బాగా తగ్గింది, పాపిట పక్కన పొట్టి వెంట్రుకలు లేచాయి. పాత ఫొటో పక్కన కొత్త ఫొటో పెడితే తేడా తెలుస్తుంది, లేకపోతే బయటివాళ్ళు కనిపెట్టలేరు. అది చాలంటోంది అమ్మాయి. నేను డాక్టరమ్మగారికీ, ఆ నర్సుకీ, చెంగులు తీసిన ఆ ఆడవాళ్ళకీ రుణపడి ఉన్నాను. ఆ మనవి ఇచ్చినందుకు మా ఆవిడ ఇప్పటికీ నొచ్చుకుంటుంది. నేను మాత్రం ఆవిడకి కూడా కృతజ్ఞుణ్ణే.

మొన్న కాలేజీ స్టాఫ్ రూములో ఒక కుర్ర లెక్చరర్ తన జుట్టంతా హెల్మెట్ వల్లే పోతోందని వాపోయాడట. మా అమ్మాయి అందరి ముందూ, "హెల్మెట్ తీసేయకండి సార్. నేను సూదులు వేయించుకుంటున్నాను, డాక్టరుగారి అడ్రసు కావాలంటే చెబుతాను" అందట. ఈ సంగతి రాత్రి అన్నం తింటూ మాకు చెప్పింది. చెప్పి, ఇంకొంచెం పులుసు వేయమని తల్లిని అడిగింది.