పాల బకెట్ మోతకు లేవని పిల్లవాడు

పోయిన వారం కడపలో మా పక్కింటి కిరాణా కొట్టువాళ్ళ మనవరాలికి మెదడు జ్వరం తగ్గి ఆసుపత్రి నుంచి ఇంటికి పంపుతున్నారంటే చూడబోయాను. నర్సుపిల్ల చీటీలో చెవుల పరీక్షకు తేదీ రాసిస్తే, పాప తల్లి దాన్ని మడిచి సంచీ అడుగున పడేసి, "బాగయ్యింది గదా పెద్దమ్మా, మళ్ళీ చెవులకేం పరీక్ష, వీళ్ళకు పనిల్యాక" అంది. అంతమందిలో ఆమె మీద గయ్యిమన్నాను. పాపం ఆ తల్లి ముఖం చిన్నబోయింది. నా కోపం ఆమె మీద కాదని ఆమెకెలా తెలుస్తుంది?

నలభై ఏళ్ళ కిందటి మాట. నర్సు చదువు ముగించి కర్నూల్లో ఒక ఆసుపత్రి పిల్లల వార్డులో కొత్తగా చేరాను. ఆ రోజుల వార్డులు చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు, మంచానికి ఇద్దరు పిల్లలు, మంచాల కింద తల్లులు, కిటికీలకు తడిపి కట్టిన గోనెపట్టాలు, ఎండాకాలమైతే ఫినాయిలు వాసనా చెమట వాసనా కలిసి కళ్ళు మండేవి. పొద్దున్నే మా ఆయా పాల బకెట్ పట్టుకుని, గరిటెతో దాన్ని ఠంగుఠంగుమని వాయించుకుంటూ వచ్చేది. ఆ మోత వింటే చాలు, మూలుగుతున్న పిల్లలు కూడా లేచి కూర్చునేవాళ్ళు.

ఆ వార్డుకు కోడుమూరు దగ్గరి పల్లె నుంచి ఒక పిల్లవాడిని తెచ్చారు. రెండున్నర ఏళ్ళుంటాయి. ఇంట్లో ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టి, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ నలిపి రెండు రోజులు పోగొట్టుకుని వచ్చారు. మెడ కొయ్యలా బిగుసుకుపోయింది. మెదడు జ్వరమేమో, వెన్నులో నీళ్ళు తీసి చూడాలని డాక్టరుగారు అంటే వాడి అవ్వ అడ్డం పడింది. "వద్దప్పా, ఎన్నులో సూది పొడిస్తే కాళ్ళు పడిపోతాయంట, మాకొద్దు." ఆమెను ఒప్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. తల్లి మాత్రం నేను సూది వేయడానికి వెళ్ళినప్పుడల్లా ఒకటే అడిగేది, మావోడు మళ్ళీ మునుపటి మాదిరి అయితాడా నర్సమ్మా అని. వాడు మహా వాగుడుకాయట, ఎద్దును, కోడిని, ఇంటికొచ్చిన వాళ్ళను అందరినీ పేరు పెట్టి పిలిచేవాడట. అవుతాడమ్మా అని ధైర్యం చెప్పేదాన్ని.

జ్వరం దిగింది, ఫిట్స్ ఆగాయి, వాడు కళ్ళు తెరిచాడు. ఆ రోజు నేను తల్లితో పాటు ఏడ్చాను. అప్పట్లో బాగయిందో లేదో చూడటానికి మాకు ఒక పద్ధతుండేది, ఎదురుగా బన్ను చూపిస్తే చేయి చాపాలి, నేల మీద నిలబెడితే నాలుగడుగులు వేయాలి. వాడు రెండూ చేశాడు. మాట మాత్రం రాలేదు, నీరసం అనుకున్నాం. పాల బకెట్ మోగినా వాడు అటు తిరిగి పడుకునే ఉండేవాడు, తల్లి భుజం తడితేనే లేచేవాడు. మా ఆయా నవ్వేది, "ఈడు జమీందారు మాదిరుండాడే, పాలు మంచం కాడికే రావల్లంట!" అని. పక్క మంచం పిల్ల గుక్కపట్టి ఏడ్చినా వీడు ఉలిక్కిపడకపోతే, ఎంత నెమ్మదస్తుడమ్మా నీ కొడుకు అని నేను బుగ్గలు పుణికాను. తల్లి పొంగిపోయింది. అలాగే ఇంటికి పంపించాం.

మూడు నెలలకు మళ్ళీ వచ్చారు. "మావోడు మొండికేసినాడు నర్సమ్మా, పిలిస్తే పలకడు, మాట్లాడడు. వినడంల్యాదని రెండు దెబ్బలు గూడా ఏస్తి" అంది తల్లి. నాకు పాల బకెట్ మోత గుర్తొచ్చింది. వాడు నా ఒళ్ళో కూర్చుని నా చేతి గడియారంతో ఆడుకుంటున్నాడు. పక్కనున్న స్టీలు ట్రేను వాడి వీపు వెనక నేలకేసి కొట్టాను. వార్డు వార్డంతా తిరిగి చూసింది. వాడు గడియారం మీది నుంచి తల ఎత్తలేదు.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. కొడుకును ఒళ్ళోకి లాక్కుని, కొట్టిన చోటు తడుముతూ, "నువ్వు గూడా శానా నెమ్మదస్తుడంటివి గదమ్మా" అంది, అంతే. చెవుల డాక్టరు చూసి, ఆ జ్వరంతో పోయిన వినికిడి తిరిగి రాదు, మొదట్లోనే తెలిసి ఉంటే చెవికి మిషను పెట్టి వచ్చిన మాటలన్నా నిలబెట్టడానికి చూసేవాళ్ళం అన్నారు. కోడిని, ఎద్దును పిలిచిన ఆ మాటలన్నీ వాడు ఆ మూడు నెలల్లో మరిచిపోయాడు. వెన్నులో సూది వద్దన్న అవ్వను ఎన్నాళ్ళో తిట్టుకున్నాను గానీ, చదువుకున్న నేను చేసిందేమిటి? రోజూ ఆ బకెట్ మోత మధ్యనే తిరుగుతూ, వాడి చెవుడును మంచితనమని మెచ్చుకున్నాను.

ఇప్పుడు ఆ జబ్బులు రాకుండా టీకాలొచ్చాయి, వచ్చినా ఇంటికి పంపేముందే చెవుల పరీక్షకు తేదీ రాసిస్తున్నారు, గరిటెతో బకెట్ వాయించే ఆయాలు ఎక్కడా లేరు. సంతోషమే. కానీ ఈ మంచి కాలం వాడు మా వార్డుకొచ్చిన నాటికే రాలేదే అని నాకు ఉక్రోషం. వాడిప్పుడు నడివయసు మనిషై ఉంటాడు. కోడుమూరు మీదుగా బస్సులో పోయినప్పుడల్లా ఆ వయసు మగవాళ్ళ ముఖాలు వెతుకుతాను. దొరికితే తప్పు నాదయ్యా అని చెప్పాలని. ఎంత గొంతెత్తి చెప్పినా అతనికి వినిపించదు కదా.